దేశభక్తికి కవాతే కొలబద్దయా?

మన బళ్లారి ప్రజలకు సైన్యము క్రొత్తది కాదు. ఊరి నడుమ గుట్టమీద కోట నిలిచియున్నది. బ్రిటిషువారి దండు విడిసిన చోటు నేటికిని కంటోన్మెంటనియే పిలువబడుచున్నది. దేశమును గాచు సైనికుని యెడ మాకు గౌరవము మెండు. కాని బడిలోని దేశభక్తిని సైనికుని కొలతతోనే కొలువవచ్చునా?

1948 నాటి చట్టముతో నేషనల్ కెడెట్ కోర్ ఏర్పడినది. 1949లో బాలికల విభాగము చేరినది. 1962లో చైనాతో యుద్ధము జరిగిన పిమ్మట, 1963లో ఈ శిక్షణము విద్యార్థులకు నిర్బంధమైనది. 1968లో మరల ఐచ్ఛికమైనది. నిర్బంధము పోయినను, తుపాకి పట్టినవాడే దేశభక్తుడనియు, వీరత్వము బాలురది, హారతిపళ్లెము బాలికలది యనియు తలచుట పోలేదు.

ఇందువలన మొదట నష్టపోవువారు బాలికలు. జాతీయ రక్షణ అకాడమీ ప్రవేశపరీక్షకు వారు కూర్చుండుటకు 2021లో సుప్రీంకోర్టు ఉత్తరువు కావలసివచ్చినది. 2025లో 17 మంది యువతులు తొలిసారి అచ్చట శిక్షణ ముగించిరి. ఇది మెచ్చదగినదే. అయినను, ఆయుధము పట్టిన పిమ్మటనే ఆడపిల్లకు గౌరవమనుట న్యాయము కాదు. కవాతు ఒల్లని బాలుని పిరికివాడనుటయు న్యాయము కాదు.

రెండవ నష్టము మనవంటి అల్పసంఖ్యాక భాషలవారిది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమునకును, బళ్లారి మైసూరునకును చెందినవి. హద్దు మారినది గాని మన యింటిభాష మారలేదు. కవాతులో అడుగులన్నియు ఒక్కటిగా పడవలెను. దేశములో నాలుకలన్నియు అట్లే కదలవలెనన్నచో, తెలుగుబిడ్డ తన మాటకు తానే సిగ్గుపడును.

తెలుగు వాచకములలో అచ్చగు జాతీయ ప్రతిజ్ఞను తలచుకొనుడు. దానిని పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు 1962లో విశాఖపట్టణమున తెలుగులోనే వ్రాసిరి. యుద్ధము జరిగిన యేట పుట్టినను, అందు శత్రువు పేరు లేదు, ఆయుధము ఊసు లేదు. తోడివారి యెడ సోదరభావము, దేశపు వైవిధ్యము నెడ అభిమానము, పెద్దల యెడ మర్యాద ఉన్నవి. తెలుగున పుట్టిన ఆ ప్రతిజ్ఞను నేడు అనేక భాషల బిడ్డలు చదువుచున్నారు.

తల్లిదండ్రులారా! మీ బిడ్డ కెడెట్టు కాగోరినచో, బాలుడైనను బాలికయైనను సంతోషముతో పంపుడు, ఒల్లనివారిని నిర్బంధింపకుడు. విద్యార్థులారా! కన్నడము శ్రద్ధతో నేర్వుడు, తెలుగును విడువకుడు. కవాతునందు క్రమశిక్షణ నేర్వుడు. తరగతియందు ప్రశ్నించుట నేర్వుడు. సైనికుడు ఆజ్ఞను పాలింపవలెను. పౌరుడు ఆ ఆజ్ఞ న్యాయమా యని అడుగవలెను. అట్టి పౌరులను పెంచుటయే బడి పని యని మా నమ్మకము.