తొలిచూపు తీర్పు కాదు

దేశాటనం విద్యలో ఒక భాగమని మన పెద్దలు భావించినారు. నాలుగూళ్లు తిరిగి నలుగురితో మాట్లాడినవానికి లోకజ్ఞానం కలుగుతుందని వారి నమ్మకం. ఆ నమ్మకంతో మనకు పేచీ లేదు. పేచీ అంతా ఒక్కపూట చూచి శాశ్వతమైన తీర్పు చెప్పిపోయే బాటసారితోనే.

అట్టి బాటసారులు మన గంజాం సీమకు తరచుగా వస్తూనే ఉంటారు. బరంపురంలో రైలు దిగుతారు, పట్టుచీరలు బేరమాడుతారు, తప్తపాని వేడినీటి బుగ్గకు పోతూ మన దిగపహండిని బస్సు కిటికీలోనుండి చూస్తారు. అంగళ్ల పేరుపలకలు ఒడియా లిపిలో ఉన్నవి. లోపలివారిలో కొందరు తెలుగులో పలకరించుకొంటున్నారు. ఇంతమాత్రం చూచి వారు రెండు నిర్ణయాలకు వస్తారు. వీరు బ్రతుకుతెరువు కోసం ఎక్కడినుండో వలసవచ్చినవారన్నది ఒకటి. వీరి తెలుగు చెడిపోయిన తెలుగన్నది రెండవది. ఊరు చేరిన తరువాత ఆ మాటనే పదిమందికీ చెప్పుతారు.

మొదటి నిర్ణయాన్ని విచారిద్దాము. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు రాజధానిలోనిది. బడఖేముండి జమీందారీకి ముఖ్యస్థానమైన దిగపహండి ఆనాడు ఎక్కడ ఉన్నదో ఈనాడూ అక్కడనే ఉన్నది. కదలినది పొలిమేరయే గాని ఊరు కాదు. 1969లో భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన వరాహగిరి వెంకటగిరిగారు 1894లో బరంపురంలోనే జన్మించినారు. వారిని వలసవచ్చినవారని ఎవరంటారు?

మన పూర్వులలో కొందరు శతాబ్దాల క్రిందట మగ్గాలతో ఇటు తరలివచ్చిన మాట నిజమే. కాని రెండేండ్లకొకసారి బరంపురంలో జరిగే బూఢీ ఠాకురాణి యాత్రను ఆ బాటసారి చూడవలెను. ఊరంతటికీ ఇలవేల్పయిన ఆ తల్లి పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు ఎవరిది? తెలుగు నేతగాండ్ర కులపెద్దయైన దేశిబెహెరాది. ఆ పెద్దరికానికి పేరు ఒడియాది; ఇల్లు తెలుగువారిది; భక్తులు ఇరువురూను. దేవత పుట్టిల్లుగా భావించిన ఇంటివారిని పరాయివారనడం ఏమి న్యాయం?

ఇక రెండవ నిర్ణయం. మన మాటలో ఒడియా పలుకులు కలిసినవట! కలియక ఏమవుతాయి? పట్నాయక్, మహంతి, బెహరా అన్న ఇంటిపేర్లతో శ్రీకాకుళం సీమలో ఎందరు తెలుగువారు లేరు? పూరీ జగన్నాథాలయ నిర్మాణానికి పూనుకొన్న అనంతవర్మ చోడగంగదేవుని వంశంవారు నేటి శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగం రాజధానిగా ఏలినారు. అక్కడ వారి కాలపు తెలుగు శాసనాలున్నవి. రెండు భాషలు ఇంతకాలం ఒకే గడపలో మెలగిన చోట ఒకదాని వాసన ఒకదానికి అంటడం సహజం. అది చెడిపోవడం కాదు, చుట్టరికం.

వాడుక తెలుగుకు వ్రాతలో గౌరవస్థానం కావలెనని పోరాడిన గిడుగు రామమూర్తిగారు దశాబ్దాలపాటు పాఠాలు చెప్పినది మన ప్రక్కనున్న పర్లాకిమిడిలోనే. 1936లో ఆ ఊరు ఒరిస్సాలో చేరగా, దానిని సహింపలేక వారు రాజమహేంద్రవరానికి తరలిపోయినారు. ప్రజల నోటి తెలుగును నిందింపరాదని తెలుగుజాతికి నేర్పిన సీమ ఇది. ఇక్కడి నోటి తెలుగునే నిందించడం ఎంత వింత!

ప్రామాణికమైన తెలుగు అక్కరలేదా అని కొందరడుగుతారు. తప్పక కావలెను. పిల్లలకు మంచి పుస్తకాలు చదివించవలెను, వ్రాయడం నేర్పవలెను. కాని ఎగతాళి ఎవరికీ ఏ భాషనూ నేర్పలేదు. నష్టం ఇక్కడనే ఉన్నది. బాటసారి మరునాడు రైలెక్కి పోతాడు. అతని నవ్వు మాత్రం మన ఇంట మిగిలిపోతుంది. ఆ నవ్వుకు జంకిన పిల్లవాడు చుట్టాల ముందు నోరు విప్పడు. బడిలో ఒడియా, కొలువులో ఇంగ్లీషు ఉండనే ఉన్నవి. ఇంటిలోని తెలుగు కూడ మూగపోతే దానికి వేరే చోటు లేదు. చుట్టం రాగానే "మా తెలుగు అంత బాగుండదండీ" అని చేతులు నలుపుకొనే పెద్దలు తమ బిడ్డల నోటికి తామే తాళం వేస్తున్నారు.

బాటసారి ఎట్లుండవలెనో తెలిపే గ్రంథం మనకున్నది. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయలుదేరి, తిరుగుదారిలో పూరీ నుండి గంజాం సీమ మీదుగా వచ్చి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరినారు. ఏ మజిలీకి ఎంత దూరం, ఎక్కడ నీరు మంచిది, ఎక్కడ అంగళ్లున్నవి, ఏ సీమలో ఏ ఆచారమున్నది అని దినదినమూ వ్రాసిపెట్టుకొన్నారు. 1838లో అచ్చయిన ఆ 'కాశీయాత్ర చరిత్ర'ను తెలుగువారందరూ గౌరవిస్తున్నారు. ఆ గ్రంథం వాడుక తెలుగులోనిది. పరభాషా పదాలు అందులో విరివిగా ఉన్నవి. అది చెడిపోయిన తెలుగని ఎవరైనా అన్నారా? వీరాస్వామయ్యగారికి చెల్లిన మర్యాద దిగపహండి ఇల్లాలికి ఎందుకు చెల్లదు?

కాబట్టి మన ఇండ్లకు వచ్చే అతిథులకు అన్నం పెట్టుదాము, ఆదరిద్దాము. మన మాటకు మాత్రం క్షమాపణ చెప్పుకొనవద్దు. సెలవులకు పిల్లలను దూరపు నగరాలకే గాక అశోకుని శాసనాలున్న జౌగడకు, పర్లాకిమిడికి, ముఖలింగానికి తీసుకొనిపోదాము. చూచినదానిని తమ నోటికి వచ్చిన తెలుగులో ఒక పుటైనా వ్రాయమందాము. ఇతరులు మనలను కిటికీలోనుండి చూచి వ్రాసినదానికంటె, మన పిల్లలు తమ సీమలో నడిచి వ్రాసినది ఎక్కువ నిజంగా ఉంటుంది.