పాకలో బడి, పాకలో గుడి

కృష్ణా డెల్టా చరిత్ర వ్రాయువారు 1855వ సంవత్సరముతో ప్రారంభించుట పరిపాటి. బెజవాడవద్ద కృష్ణపై ఆనకట్ట పూర్తియైన సంవత్సరమది. కాలువలు వచ్చినవి, మాగాణి వచ్చినది, ధాన్యము పడవల కెక్కినది. ఆ మాగాణిని దున్నిన పాలేళ్ళు, నాట్లు వేసిన కూలిజనము నివసించిన వాడలలో ఇంచుమించు ఆ కాలముననే మరియొక మార్పు మొదలైనది. ఊరికి దూరముగా, తాటాకు పాకలో, పిల్లలు పలకలు పట్టి కూర్చుండిరి. పగలు బడి, రాత్రి ప్రార్థన, ఆదివారమునాడు ఆరాధన, అన్నియు ఆ పాకలోనే. ఆనకట్టను గూర్చి తెలిసినంతగా ఈ పాకను గూర్చి మన విద్యార్థులకు తెలియదు.

చర్చి మిషనరీ సొసైటీ పక్షమున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్సు అనువారు 1841లో మచిలీపట్నమునకు వచ్చిరి. ఇద్దరి మార్గములు వేరు. ఫాక్సు ఊరూర తిరిగి బోధించినవాడు; 1848లో చిన్నవయసుననే మరణించెను. నోబుల్ 1843లో పాఠశాల స్థాపించి, 1865లో బందరులోనే కన్నుమూయువరకు దానిని విడువలేదు. ఆయన కోరినది అగ్రవర్ణముల పిల్లలను. వారు రారేమో యను శంకతో, అంటరానివారుగా ఎంచబడిన కులముల పిల్లలను ఆ బడిలో చేర్చుకొనలేదు. 1852లో విద్యార్థులు కొందరు బాప్తిస్మము పొందగా పట్టణము కలవరపడి పిల్లలను మాన్పించినది. బడి దాదాపు శూన్యమయ్యెను. అది మరల నిలదొక్కుకొని నోబుల్ కళాశాలగా పేరొందుటయు, రఘుపతి వేంకటరత్నము నాయుడుగారివంటి వారచట బోధించుటయు తరువాతి కథ. కాని కృష్ణా మండలమున క్రైస్తవసంఘము వేళ్ళూనినది ఆ బడి గడప త్రొక్కనీయని పిల్లల వాడలలో! నోబుల్ ఊహించిన త్రోవ ఒకటి, చరిత్ర నడచిన త్రోవ మరియొకటి.

ఆ త్రోవ తీసినవాడు దొర కాడు. రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య మాలలలో పెద్ద. విగ్రహములయందు విశ్వాసము సడలి, దేవుడెవరని తనంత తాను వెదకులాడిన మనిషి. 1859లో ఆయన బెజవాడ మిషనుకు చెందిన డార్లింగు దొరను కలిసికొని ఆ మతమును స్వీకరించెను. ఆయన వెంట ఆయన వారును కదలిరి. దొర వెంకయ్యను వెదకిపట్టెననుటకంటె వెంకయ్యయే దొరను వెదకికొనెననుట న్యాయము. గంజినీళ్ళకు మతము మారినారను తేలిక మాట నేటికిని వినబడుచుండును. వెంకయ్య కదలినది 1876–78 నాటి మహాక్షామమునకు పదునేడేండ్లు ముందు. క్షామము ప్రభావము లేదనుటయు సత్యము కాదు. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతమున వెల్లంపల్లివద్ద ఒక్కదినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. అయితే బకింగ్‌హాము కాలువ త్రవ్వకముతో కరవుపని కల్పించిన బాప్తిస్టు మిషనరీ క్లౌ, ఆ పని జరుగుచున్నంతకాలము బాప్తిస్మములు నిలిపివేసెనన్న సంగతినికూడ ఆ లెక్క ప్రక్కనే చెప్పవలెను.

నరసాపురమునకు బౌడెన్, బీరు దొరలు వచ్చుట, గుంటూరునకు 1842లో లూథరన్ హయ్యరు చేరుట, కెనడా బాప్తిస్టులు ఆకివీడు, ఉయ్యూరు ప్రాంతములలో పనిచేయుట వేరుగా వ్రాయదగిన విషయములు. సంఘముల పేర్లు వేరైనను, పల్లెలో అందరి పని ఒకటే పాకతో నడచినది.

ఆ పాకకు ప్రాణము ఉపాధ్యాయుడు. అక్షరములు దిద్దించుట, జబ్బుపడినవారిని చూచుట, ఉత్తరములు చదివిపెట్టుట, పెండ్లిండ్లకు చావులకు నిలబడుట, అన్నియు ఆయన వంతే. ఆడువారు అన్నము వండునపుడెల్ల ఒక పిడికెడు బియ్యము వేరుగా తీసి సంఘమునకు ఇచ్చెడివారు. పాటలు మన రాగములలో, మన తాళములలో సాగినవి. పురుషోత్తమ చౌధరిగారి కీర్తనలు చదువురాని నోళ్ళకును కంఠస్థములైనవి. 1912లో దోర్నకల్లుకు బిషప్పైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘమున ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు, తమిళుడైనను తెలుగు నేర్చి ఈ పల్లె పనివారిని నమ్ముకొనెను. 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయము మన కోవెలల, మసీదుల శిల్పరీతులను కలుపుకొని నిలిచినది.

ఇంత జరిగినను కులము చర్చి గుమ్మము బయట ఆగలేదు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘ మేర్పడి పలు మిషనుల సంఘములు ఏకమైనవి. పల్లెలో మాలల చర్చి, మాదిగల చర్చి అను మాట మాత్రము పలుచోట్ల పోలేదు. ప్రభుత్వపు లెక్క మరియొక తీరు. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు హిందువులకు పరిమితము కాగా, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేసిరి, క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశమున వారు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా, నూటికి ఒక్క వంతు కోటాతో లెక్కింపబడుచున్నారు. మతము మారినంతమాత్రమున ఊరు వారి కులమును మరవలేదు. ఊరు మరవనిదానిని చట్టము మరచుట న్యాయమా?

ఈ చరిత్రకు ఆధారములు లండనులోని మిషను నివేదికలలో మాత్రమే ఉన్నవనుకొనరాదు. ఆ నివేదికలలో దొర పేరు నిండుగా ఉండును. పల్లె ఉపాధ్యాయుడు తరచు ‘స్థానిక సహాయకుడు’ మాత్రమే. ఆయన పేరు దొరకవలసినది పల్లె చర్చిలోని బాప్తిస్మపు పుస్తకములో, పెండ్లి పుస్తకములో, బడి హాజరుపట్టీలో. తీరము వెంబడి ఇట్టి కాగితములకు శత్రువులు చెదలు మాత్రమే కావు. 1864 నవంబరు 1న బందరుపై విరుచుకుపడిన ఉప్పెన సుమారు 30,000 మందిని పొట్టనబెట్టుకొనెను. 1977 నవంబరు 19న దివిసీమ గతియు తెలిసినదే. మిగిలిన పుస్తకములు ఇంకను పల్లె పెట్టెలలో ఉన్నవి. చరిత్ర బోధించు ఉపాధ్యాయుడు తన విద్యార్థులలో నలుగురిని వెంటబెట్టుకొని, పాస్టరుగారి అనుమతితో ఆ పెట్టె తెరపించి, తొలి పేజీలలోని పేర్లు, సంవత్సరములు శుభ్రముగా నకలు వ్రాయించవచ్చును. ఆ బడిలో మొదట చదివినవారెవరు, చెప్పినవారెవరు, పాక తీసి పెంకుటిల్లు ఎప్పుడు కట్టిరి అని ముసలివారిని అడిగి వ్రాసికొనుటకు ఒక్క వేసవి సెలవులు చాలును. అడుగుటకు ఆ ముసలివారు ఇంకను ఉన్నారు.