ధర్మాసుపత్రి నేల మీద గడ్డి

షికాగోకి దక్షిణాన ఓక్ ఫారెస్టులో బీదల ఆసుపత్రి మూసేసి గడ్డి పెంచుకుంటున్నారని మనవాళ్ళు ఎగతాళి చేస్తూంటారు. ఎగతాళి చేసేముందు సంగతి తెలుసుకోవడం మంచిది.

కుక్ కౌంటీవారు 1910లో తమ పేదల ఆశ్రమాన్ని డన్నింగ్ నుంచి అక్కడికి మార్చారు. దిక్కులేని ముసలివాళ్ళు, క్షయరోగులు, ఇంట్లోవాళ్ళు వదిలేసినవాళ్ళు అక్కడికి చేరేవారు. "ఊరికి దూరం, కాటికి దగ్గర" అంటామే, అది అక్కడ అక్షరాలా నిజం. అనాథల శ్మశానం కూడా ఆ భూమిలోనే ఉంది. కాలక్రమాన అది దీర్ఘరోగుల ఆసుపత్రి అయింది. 2011లో ఖర్చు తగ్గించే పేరుతో దాన్ని మూసి, బయటి రోగులను చూసే కేంద్రం మాత్రం ఉంచారు. ఆ పాత భూమిలో కొంత ఇప్పుడు కౌంటీ ఫారెస్ట్ ప్రిజర్వ్. అక్కడ ప్రెయిరీ గడ్డిని తిరిగి పెంచుతున్నారు.

అంటే గడ్డి కోసం ఆసుపత్రి మూయలేదు. డబ్బు కోసం మూశారు. గడ్డిని తిట్టి లాభం లేదు.

పైగా ఆ గడ్డి సామాన్యమైనది కాదు. ఇల్లినాయ్‌లో ఒకప్పుడు సుమారు 2 కోట్ల 20 లక్షల ఎకరాల ప్రెయిరీ ఉండేది. 1978లో లెక్క తీస్తే, చెడకుండా మిగిలింది 2,500 ఎకరాలకు అటూ ఇటూ. అదైనా నాగలి పడని చోట్ల, రైలుకట్టల పక్కన, తొలి వలస రైతుల శ్మశానాల్లో దాక్కుని బతికింది. రాబర్ట్ బెట్జ్ అనే జీవరసాయన ఆచార్యుడు ఆ శ్మశానాల వెంట తిరిగి గడ్డిజాతులను పరిశీలించాడు. 1975లో ఫెర్మీ ల్యాబు ఆవరణలో ప్రెయిరీ పునరుద్ధరణ మొదలుపెట్టాడు. విత్తులు ఏరాలి, చల్లాలి, కలుపు తీయాలి, అదును చూసి నిప్పు పెట్టి కాల్చాలి. కొన్నేళ్ళు పట్టించుకోకపోతే తుప్పలు కమ్మేస్తాయి. ప్రారంభోత్సవంతో అయిపోయే పని కాదది.

మన దేశంలోనూ గడ్డినేల అంటే చులకనే. దానికి మనం పెట్టిన పేరు బంజరు. కర్నూలు ప్రాంతంలోని రోళ్ళపాడును బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. చుట్టూ పచ్చికబీళ్ళు పొలాలైపోయాయి, పిట్ట కనుమరుగైంది. ఆదాయం లేని నేల బంజరు, ఆదాయం లేని మనిషి అనాథ. రెండు మాటలూ ఒకే తక్కెడలో తూచినవి కావంటారా?

ఐతే గడ్డిని ప్రేమించేవారినీ ఒక మాట అడగాలి. పువ్వులు పూశాయి, పిట్టలు వాలాయి, సంతోషం. ఆ మంచాల మీది రోగులు ఎక్కడికి పోయారు? షికాగోలోని పాత కుక్ కౌంటీ ఆసుపత్రి భవనం 2020లో హోటలుగా తెరుచుకుంది. దానికైనా 2002లోనే పక్కన కొత్త ఆసుపత్రి కట్టాకే పాతదాన్ని వదిలారు. హైదరాబాదులో అదే 2020లో ఉస్మానియా వార్డుల్లోకి వాననీళ్ళు వచ్చాయి, పాత భవనాన్ని ఖాళీ చేయించారు. కొత్తదానికి పునాదిరాయి పడింది 2025 జనవరిలో. కప్పు కారడం ఒక్కరోజులో మొదలవుతుందా? ఏటేటా చేయవలసిన మరమ్మతు చేయకపోతే అలాగే అవుతుంది.

ఇక మన సంగతి. మనలో చాలామంది డాక్టర్లం ధర్మాసుపత్రుల్లో చదువుకున్నవాళ్ళమే. పేదవాళ్ళ నాడి పట్టుకుని, వాళ్ళ కడుపు తడిమి వైద్యం నేర్చుకున్నాం. ఇక్కడికి వచ్చాక కూడా ఎందరికో రెసిడెన్సీ ఇచ్చినవి కౌంటీ ఆసుపత్రులే. ఆ అప్పు తీర్చడానికి మనం ఎంచుకున్న పద్ధతేమిటి? ఒక బ్లాకు, ఒక స్కానింగు యంత్రం, పేరు చెక్కిన ఒక పాలరాతి పలక. మరుసటి ఏడాది యంత్రం చెడిపోతే బాగుచేయించే దిక్కుండదు. ఫొటో మాత్రం మన డ్రాయింగు రూములో భద్రంగా ఉంటుంది.

"మనం కట్టించి ఇస్తాం, నడపడం ప్రభుత్వం పని" అంటారు. న్యాయమైన మాటే. కాని ప్రభుత్వం నడపదని తెలిసి కూడా మళ్ళీమళ్ళీ కట్టడం దానమా, ముచ్చటా?

అంచేత మన సంఘం కార్యవర్గానికి నా విన్నపం ఇది. ఈ ఏడు వసూలయ్యే విరాళంలో సగమైనా కొత్త కట్టడానికి ఇవ్వకండి. ఉన్న ఒక్క ధర్మాసుపత్రిని ఎంచుకుని, పదేళ్ళపాటు కప్పు మరమ్మతుకి, నీళ్ళకి, మరుగుదొడ్లకి, యంత్రాల రిపేరుకి వడ్డీ మీద నడిచే నిధి పెట్టండి. దానిమీద ఎవరి పేరూ వద్దు. దాతలు తగ్గుతారంటే తగ్గనివ్వండి. ఓక్ ఫారెస్టు శ్మశానంలో పేరు లేకుండా పడుకున్నవాళ్ళ మీద గడ్డిని పెంచడానికే ఏటేటా మనుషులు కావలసివస్తే, బతికున్న రోగికి ఏటేటా డబ్బు అక్కర్లేదా?