ప్రాణరక్షణకు టాప్ మోడలే కావాలా?

రావులపాలెంలో కొత్త సెడాన్ కొనాలనుకునే కుటుంబం రాజమహేంద్రవరమో, కాకినాడో, భీమవరమో వెళ్లి షోరూములు తిరుగుతుంది. పది లక్షలు దాటిన బండి అంటే అరటిలోనో కొబ్బరిలోనో కూడబెట్టిన సొమ్ము. లేకపోతే గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు పంపిన డబ్బు. అంత పెట్టుబడి పెడుతున్నా అక్కడ ఎక్కువసేపు మాట్లాడుకునేది సన్‌రూఫ్ గురించి, స్క్రీను సైజు గురించి, సీట్ల రంగు గురించి. బండి జారినప్పుడు దాన్ని దారిలో నిలిపే పరికరం ఏ వేరియంట్‌లో ఉంది, ముందున్న లారీని డ్రైవరు చూడకపోతే తనంతట తాను బ్రేకు వేసేది ఏ వేరియంట్ అన్న ప్రశ్నలు చివర్లో వస్తాయి. ఒక్కోసారి అసలు రావు. ఇందులో కొనేవాళ్ల తప్పు కొంతే. ప్రాణం కాపాడే పరికరాన్ని సన్‌రూఫ్‌తో, ఖరీదైన స్పీకర్లతో కట్టగట్టి ఒకే ధరకు అంటగట్టే పద్ధతిదే అసలు తప్పు. ఆ పద్ధతి మారాలి. మారేలోగా దాన్ని సరిగ్గా చదవడం మనం నేర్చుకోవాలి.

మధ్యశ్రేణి సెడాన్లు మన మార్కెట్లో ఇప్పుడు కొన్నే మిగిలాయి. 2014లో వచ్చిన మారుతి సియాజ్ 2025లో ఆగిపోయింది. ఎస్‌యూవీల గాలికి తట్టుకుని నిలిచినవి ముఖ్యంగా హోండా సిటీ, హ్యుందాయ్ వెర్నా, స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్. నాలుగు మీటర్లు దాటిన ఈ కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిపి 45 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతానికి తగ్గింది. అలా మిగిలిన సొమ్ముతో వేరియంట్లలో ఒక మెట్టు పైకి వెళ్దామన్న ఆలోచన చాలా ఇళ్లలో సహజంగానే వస్తోంది. అందుకే ఆ మెట్ల మీద నిజంగా ఏముందో చూడాలి.

మెట్ల లెక్క

2023లో వచ్చిన వెర్నాలో మెట్లు ఈఎక్స్, ఎస్, ఎస్ఎక్స్, ఎస్ఎక్స్(ఓ). సిటీలో ఎస్‌వీ, వీ, వీఎక్స్, జెడ్ఎక్స్. వర్టస్‌లో కంఫర్ట్‌లైన్, హైలైన్, టాప్‌లైన్, ఆపైన శక్తిమంతమైన ఇంజిన్‌తో జీటీ. స్లావియా యాక్టివ్, యాంబిషన్, స్టైల్ పేర్లతో వచ్చి, తర్వాత పేర్లు మార్చుకుంది. పేర్లు ఏవైనా లోపలి లెక్క ఒకటే. కింది మెట్టు ప్రకటనలో ధర చూపించడానికి, పై మెట్టు షోరూములో మనసు లాగడానికి. అసలు అమ్మకం జరిగేది మధ్యలో.

2023 మార్చిలో ఒకే నెలలో వచ్చిన రెండు బండ్లను పక్కపక్కన పెడితే విషయం తేటతెల్లమవుతుంది. కొత్త వెర్నా అన్ని మెట్లలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చింది. కెమెరా, రాడార్లతో పనిచేసే డ్రైవర్ సహాయ వ్యవస్థను, అంటే అందరూ అడాస్ అంటున్నదాన్ని మాత్రం ఎస్ఎక్స్(ఓ) అనే చిట్టచివరి మెట్టులో పెట్టింది. అదే నెలలో మెరుగులు దిద్దుకుని వచ్చిన సిటీ దీనికి తలకిందులు. ముందు అద్దం దగ్గర అమర్చిన కెమెరాతో పనిచేసే హోండా సెన్సింగ్ అనే అడాస్‌ను రెండో మెట్టు అయిన వీ నుంచే, మాన్యువల్ గేరు బండిలో కూడా ఇచ్చింది. ఆరు ఎయిర్‌బ్యాగులు కావాలంటే మాత్రం వీఎక్స్‌కు వెళ్లాలంది. 2024లో అన్ని సిటీలకూ ఆరు ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. స్లావియా, వర్టస్‌లు 2022లో వచ్చినప్పుడు వాటిలో ఏ మెట్టులోనూ అడాస్ లేదు. జారకుండా పట్టి ఉంచే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, అంటే ఈఎస్‌సీని మాత్రం కింది మెట్టు నుంచే ఇచ్చాయి. వాటిలోనూ ఆరు ఎయిర్‌బ్యాగులు మొదట పై మెట్లకే పరిమితమై, తర్వాత అన్నింటికీ వచ్చాయి.

ఒకరు కింది మెట్టులో ఇవ్వలేమన్నదాన్ని ఇంకొకరు అదే ధరల శ్రేణిలో ఇచ్చారు. నిన్న పై మెట్టుకే అన్నది ఏడాది తిరిగేసరికి అన్ని మెట్లకూ వచ్చింది. సాంకేతిక కారణమో, ఖర్చు భారమో అసలు అడ్డంకి అయితే ఇలా జరగదు. ఏ పరికరాన్ని ఏ మెట్టు మీద పెడితే కొనుగోలుదారు ఇంకో లక్ష పైకి ఎక్కుతాడన్న వ్యాపార లెక్కే ఇక్కడ నడుస్తోంది.

మన దారుల్లో ఏది పనికొస్తుంది

రావులపాలెం దగ్గర జాతీయ రహదారి 16 గౌతమి వంతెన దిగి, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ దాటి, తణుకు వైపు సాగుతుంది. ఇక్కడే చీలిన దారి కొత్తపేట మీదుగా అమలాపురం వెళుతుంది. లొల్ల లాకుల వైపు, ర్యాలి వైపు, ఆత్రేయపురం వైపు తిరిగితే కాలవ గట్టు రోడ్లు. ఒకే ఊరి కారు ఒకే రోజున ఈ మూడు రకాల దారుల్లోనూ తిరగాలి.

రహదారి మీద అసలు ప్రమాదం వేగంలో, చీకటిలో ఉంది. రావులపాలెం మార్కెట్ నుంచి రాత్రిపూట బయల్దేరే అరటి లోడు బండిని దగ్గరగా చూడండి. గెలలు వెనక తలుపు దాటి బయటికి వేలాడుతుంటాయి. వాటి కిందికి టార్పాలిన్ జారి, ఒక వైపు ఎర్రలైటును సగం మూసేస్తుంది. వంద వేగంతో వచ్చే కారుకు ఆ బండి కనబడే క్షణానికి, ఢీకొనే క్షణానికి మధ్య దూరం చాలా తక్కువ. 2012 నవంబరు 2న కేంద్ర మాజీ మంత్రి ఎర్రన్నాయుడు శ్రీకాకుళం జిల్లాలో ఇదే రహదారి మీద, ఆయిల్ ట్యాంకర్‌ను కారు ఢీకొని కన్నుమూశారు. అలాంటి చోట ముందున్న వాహనాన్ని పసిగట్టి హెచ్చరించే, అవసరమైతే తనే బ్రేకు తొక్కే వ్యవస్థ ఉంటే ఢీకొట్టే వేగమైనా తగ్గుతుంది. వేగం కొంచెం తగ్గినా దెబ్బ చాలా తగ్గుతుంది. అందువల్ల అడాస్‌లో అన్నింటికన్నా విలువైన భాగం ఈ అత్యవసర బ్రేకింగే.

గట్టు రోడ్డెక్కగానే అడాస్ సంగతి మారుతుంది. లేన్ తప్పకుండా చూసే సహాయం రోడ్డు మీది తెల్లగీతలను కెమెరాతో చదువుతుంది. మన గట్ల మీద గీతలే ఉండవు. కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేరుస్తారు. వాహనాలను, పాదచారులను పోల్చుకునేలా తయారైన కెమెరా ఆ రాళ్లను గుర్తిస్తుందని నమ్ముకోలేం. గేదె అడ్డొస్తే తప్పక ఆగుతుందన్న హామీ కూడా ఏ కంపెనీ ఇవ్వదు. కుండపోత వానలో, శీతాకాలపు మంచులో కెమెరా చూపు మందగిస్తుంది. శనివారాల్లో వాడపల్లి వెంకన్న దర్శనానికి వెళ్లే జనం మధ్య ఎంత గొప్ప అడాస్ ఉన్నా కాలు బ్రేకు మీదే ఉండాలి.

ఆ గట్ల మీద అక్కరకొచ్చేది ఈఎస్‌సీ. తడి రోడ్డు, మలుపు, ఉన్నట్టుండి కుక్క అడ్డం. స్టీరింగు ఒక్కసారి తిప్పి మళ్లీ ఇటు లాగేసరికి కారు వెనక భాగం జారుతుంది, పక్కనే కాలవ. డ్రైవరు తిప్పిన దిశ ఒకటి, బండి పోతున్న దిశ ఇంకొకటి అని సెన్సార్లు పసిగట్టిన మరుక్షణం ఈఎస్‌సీ ఒక్కో చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి, అవసరమైతే ఇంజిన్ శక్తి తగ్గించి బండిని దారిలోకి లాగుతుంది. దీనికి తెల్లగీతలు అక్కర్లేదు, కెమెరా అక్కర్లేదు. పైగా దీని పునాది, బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్. ఆ ఏబీఎస్ మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కార్లన్నింటికీ తప్పనిసరి. పునాది ఎలాగూ వేసి ఉన్నాక దాని మీద ఈ పొర కట్టడానికి పై మెట్టు దాకా ఆగాల్సిన పని లేదు.

వేరియంట్ పట్టికలో పెద్ద అక్షరాల్లో కనబడని ఇంకొన్ని అంకెలు కూడా మనకు ముఖ్యం. స్లావియా, వర్టస్‌ల నేల ఎత్తు 179 మిల్లీమీటర్లు, సిటీది 165. ఊరూరా ఎత్తయిన స్పీడు బ్రేకర్లున్న చోట, అయిదుగురు ఎక్కి డిక్కీ నిండా సామాను పెట్టినప్పుడు ఈ తేడా అడుగున తెలుస్తుంది. డిక్కీ వెర్నాలో 528 లీటర్లు, స్లావియా, వర్టస్‌లలో 521, సిటీలో 506. ఈ అంకెలకు మెట్లతో పని లేదు. కింది మెట్టు కొన్నవారికీ అంతే దక్కుతాయి.

నక్షత్రాలు చెప్పేది, చెప్పనిది

2023 ఏప్రిల్‌లో స్లావియా, వర్టస్‌లకు, అదే ఏడాది అక్టోబరులో వెర్నాకు, కార్లను ఢీకొట్టించి పరీక్షించే సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ అయిదు నక్షత్రాలు ఇచ్చింది. పెద్దల రక్షణలో 34 మార్కులకు మొదటి రెండింటికి 29.71, వెర్నాకు 28.18 వచ్చాయి. పిల్లల రక్షణలో మూడింటికీ 49కి 42. నక్షత్రాలు సమానమే అయినా లోపలి నివేదిక వేరు. స్లావియా, వర్టస్‌ల శరీర నిర్మాణం స్థిరంగా ఉందని, వెర్నాది అస్థిరంగా ఉందని ఆ సంస్థ రాసింది. ప్రకటనలో నక్షత్రాలే కనబడతాయి, ఈ వాక్యం కనబడదు. కొనేముందు నివేదిక తెరిచి ఆ ఒక్క వాక్యం చదవడం మన పని.

ఇంకో మాట. ముందు నుంచి ఢీకొట్టే పరీక్షను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. వంద వేగంలో బండి మోసుకెళ్లే శక్తి దానికి దాదాపు రెండున్నర రెట్లు. అయిదు నక్షత్రాలు ఉన్నాయన్న ధైర్యంతో గౌతమి వంతెన మీద యాక్సిలరేటర్ తొక్కడం ఆ పరీక్ష అర్థాన్ని తిరగేయడమే. బెల్టు పెట్టుకోకపోతే ఎయిర్‌బ్యాగులూ అనుకున్నంతగా కాపాడలేవు. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోతే, వారిలో 16,715 మంది సీటు బెల్టు పెట్టుకోనివారు. ఆ 16,715 మందిలో దాదాపు సగం మంది బండి నడుపుతున్నవారు కాదు, పక్కనో వెనకో కూర్చున్నవారు. అన్ని మెట్లలోనూ అందరికీ దక్కే రక్షణ బెల్టే. మన ఇళ్లలో వెనక సీటు బెల్టును సీటు కిందికి తోసేసే అలవాటు ఇంకా పోలేదు.

అప్పు లెక్క కూడా చూసుకోవాలి. షోరూములో రెండు లక్షల తేడాను నెలకు నాలుగు వేలుగా చెబుతారు. తొమ్మిది శాతం వడ్డీకి అయిదేళ్ల మీద రెండు లక్షలకు వాయిదా సుమారు 4,150 రూపాయలు. అంతా కట్టేసరికి దాదాపు రెండు లక్షల 49 వేలు. మన రాష్ట్రంలో బండి ధరను బట్టి జీవిత పన్ను శాతం పెరుగుతుంది కాబట్టి పై మెట్టుకు పన్ను భారమూ ఎక్కువే. కెమెరా ఉన్న ముందు అద్దం పగిలితే కొత్త అద్దం బిగించాక కెమెరాను మళ్లీ సరిచేయించాలి. బంపరు వెనక రాడార్ ఉంటే చిన్న దెబ్బకూ పెద్ద బిల్లే. ఆ రెండు లక్షలు అత్యవసర బ్రేకింగ్ కోసమైతే పెట్టవచ్చు. సన్‌రూఫ్‌కు, స్పీకర్లకే అయితే ఆ డబ్బుతో మంచి టైర్లు, జీరో డిప్రిసియేషన్ బీమా, వరద నీళ్లు ఇంజిన్‌లోకి పోతే ఆదుకునే ఇంజిన్ రక్షణ పాలసీ తీసుకోవడం గోదావరి పక్కన బతికేవారికి తెలివైన పని.

మన పిల్లలు అక్కడ కొనే కారుకు ఉన్నది ఇక్కడ ఎందుకు లేదు

కోనసీమ నుంచి అమెరికా వెళ్లిన మన పిల్లల్లో చాలామంది అక్కడ కొనేది క్యామ్రీనో, అకార్డో. 2018 మోడల్ నుంచి ఆ రెండింటిలోనూ అత్యవసర బ్రేకింగ్ సహా డ్రైవర్ సహాయ వ్యవస్థ అన్ని వేరియంట్లలోనూ ఉంది. అన్నింటికన్నా చవకది కొన్నవారికీ అదే రక్షణ. ఐరోపాలో కొత్త కార్లన్నింటికీ ఈఎస్‌సీ 2014 నుంచి, అత్యవసర బ్రేకింగ్ 2024 జులై నుంచి తప్పనిసరి. అకార్డ్‌లో అందరికీ ఇచ్చిన కంపెనీయే ఇక్కడి సిటీలో మొదటి మెట్టును వదిలేసింది. ఆ పిల్లల తల్లిదండ్రులు రావులపాలెంలో కొనే బండికి ఆ రక్షణ ఎందుకు ఐచ్ఛికం కావాలి?

మన ప్రభుత్వం కదలలేదని కాదు. డ్రైవరు ఎయిర్‌బ్యాగు, బెల్టు హెచ్చరిక, రివర్స్ సెన్సార్లు 2019 జులై నుంచి తప్పనిసరి చేసింది. ఆ తర్వాత పక్క సీటు ఎయిర్‌బ్యాగునూ చేర్చింది. ఆ రెండు సందర్భాల్లోనూ కంపెనీలు మూతపడలేదు, కార్ల అమ్మకాలు ఆగలేదు. ఆరు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి చేస్తామని 2022 జనవరిలో ముసాయిదా ఇచ్చి, ఏడాది వాయిదా వేసి, చివరికి 2023లో తప్పనిసరి చేయబోమంది. భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1న మొదలైంది గానీ, అది కంపెనీ ఇష్టపడితే చేయించుకునే పరీక్ష. కారు మీద 40 శాతం పన్ను తీసుకునే ప్రభుత్వానికి ఆ కారులో ప్రాణం కాపాడే కనీస పరికరం ఉండాలని శాసించే హక్కూ ఉంది, బాధ్యతా ఉంది. ముందుగా ఈఎస్‌సీ, ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని కార్లకూ. తర్వాత గడువు పెట్టి, పది లక్షలు దాటిన కార్లన్నింటికీ అత్యవసర బ్రేకింగ్. ఎన్‌క్యాప్ పరీక్ష ఐచ్ఛికం కాకుండా, వచ్చిన నక్షత్రాలను, నిర్మాణం స్థిరమా అస్థిరమా అన్నదాన్ని షోరూములో కారు అద్దం మీదే తెలుగులో అతికించేలా నిబంధన.

అది వచ్చేదాకా కొనేవాళ్లు పట్టికను కింది నుంచి చదవాలి. కంపెనీలు తళుకులు పైన, రక్షణ కింద రాస్తాయి. అందుకని మొదట ఈఎస్‌సీ వరుస, తర్వాత ఎయిర్‌బ్యాగుల వరుస, వెనక మధ్య సీటుకు మూడు చోట్ల బిగించే బెల్టు, పిల్లల సీటు బిగించే కొక్కేలు, ఆ తర్వాత అత్యవసర బ్రేకింగ్ చూడండి. ఇవన్నీ ఉన్న అన్నింటికన్నా కింది మెట్టే మీ మెట్టు. వేరియంట్లు తరచూ మారుతుంటాయి కాబట్టి కొనే రోజు పట్టికనే అడిగి తీసుకోండి. అమ్మేవారి నోటిమాట కాకుండా కొటేషన్ మీద ఆ పరికరాల పేర్లు రాయించుకోండి. రక్షణ లేని మెట్టు ముందు నుంచి పదిమంది కాదని వెనక్కి వెళ్తే పదకొండో మనిషి వచ్చేసరికి కంపెనీ ఆ మెట్టును సవరిస్తుంది. సిటీలో, స్లావియాలో ఎయిర్‌బ్యాగులు కింది మెట్టుకు దిగినప్పుడు ఆరు తప్పనిసరి అన్న చట్టమేమీ లేదు. పోటీ, కొనేవాళ్ల పట్టుదలే వాటిని దించాయి. అదే పట్టు ఈఎస్‌సీ మీద, అత్యవసర బ్రేకింగ్ మీద ఇప్పుడు పట్టాలి.