పాలేరు తీపి, పట్నం ఉప్పు

కొన్ని బోర్ల నీళ్లలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా మెత్తబడదు. సబ్బు నురగ కట్టదు. కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర మిగులుతుంది. ఇంట్లో ఉప్పునీళ్ల సంగతి ముందుగా తెలిసేది వంటింటికే.

కుసుమంచి మండలంలోని పాలేరు జలాశయానికి ఆ ఇబ్బంది లేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ తెచ్చే కృష్ణా నీరే దానికి ఆధారం. నిల్వ సుమారు రెండున్నర టీఎంసీలు. మిషన్ భగీరథ కింద జీళ్లచెరువులో శుద్ధిచేసి ఊళ్లకు పంపుతున్నారు. అయితే పటిక, ఇసుక, క్లోరిన్ తీసేది బురదను, క్రిములను. కరిగిన లవణం జోలికి అవి పోవు. నల్లా నీరు తియ్యగా ఉందంటే అది కృష్ణ చలవే.

వాడాక లెక్క మారుతుంది. వంట, స్నానం, బట్టల సబ్బు తలా కాస్త లవణం కలుపుతాయి. మనిషి రోజుకు 100 లీటర్లు వాడి, లీటరుకు 300 మిల్లీగ్రాములు కలిపాడనుకుందాం. అంటే 30 గ్రాములు. లక్ష మంది ఉన్న పట్నానికి రోజుకు 3 టన్నులు. మామూలు మురుగు శుద్ధి కేంద్రం దాన్ని తీయలేదు. ఖమ్మాన్ని ఒరుసుకుని పారే మున్నేరు, ప్రకాశం బ్యారేజీకి ఎగువనే కృష్ణలో కలుస్తుంది. ఆ బ్యారేజీ నీరే విజయవాడకు ఆధారం. ఒక ఊరు పారబోసింది కింది ఊరి బిందెలోకి చేరుతుంది. హైదరాబాద్ దిగువన మూసీ నీటి ఉప్పుకు వరి దెబ్బతిన్న రైతులు కొందరు పశువుల మేత అయిన పారాగడ్డికి మళ్లారు.

ఇంట్లో నీటిని వడకట్టే ఆర్వో యంత్రం కూడా ఉప్పును మాయం చేయదు, పక్కకు నెడుతుంది. మూడు బిందెలు పోస్తే ఒకటి తాగడానికి దక్కి, రెండు చిక్కబడి మోరీ పాలవుతాయి. తాగునీటిలో కరిగిన లవణాలు (టీడీఎస్) లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని, వేరే దిక్కు లేకుంటే 2000 వరకు చెల్లుతుందని మన ప్రమాణం. 500 లోపు ఉన్నచోట ఆర్వోలను నిషేధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో కేంద్రాన్ని ఆదేశించింది కూడా. కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటా లోయలో, నీటి కఠినత్వం తగ్గించేందుకు ఉప్పుతో పనిచేసి, ఆ ఉప్పును మురుగులోకే వదిలే సాఫ్టెనర్లను తీసేయాలని 2008లో జనమే ఓటేశారు.

చివర్లో ఉప్పు తీయడం ఖరీదైన పని. తీసిన ఉప్పును ఎక్కడ పోయాలన్నది ఇంకో తలనొప్పి. మొదట్లోనే కలవకుండా చూడటం చవక. శుద్ధి కేంద్రానికి వచ్చే, పోయే నీటి టీడీఎస్ కొలిచి బోర్డు మీద రాయాలి. శుద్ధిచేసిన మురుగును మంచినీరు కలిపి పలచన చేశాకే పొలాలకు వదలాలి. ఇంట్లో ఆర్వో కొనేముందు నల్లా నీటిని టీడీఎస్ మీటరుతో చూసుకోవాలి. పాలేరు నీళ్లు అందే ఇంట్లో ఆ యంత్రం అవసరమో కాదో ఆ అంకే చెబుతుంది.