ఛాయాచిత్ర నాశము – వైరాగ్యమా? ఏమరుపాటా?

వివాహము, అన్నప్రాశనము, షష్టిపూర్తి, కాశీయాత్ర – ఒక కుటుంబపు ఛాయాచిత్రములన్నియు నేడు అరచేతిలో ఇమిడెడి ఒక్క హార్డ్‌డిస్కులో నిక్షిప్తములగుచున్నవి. అది ఒకనాడు టక్ టక్ మని శబ్దించి మౌనము వహించును. గతించిన తల్లిదండ్రుల చిత్రములు అందులోనే ఉన్నచో, ఆ కుటుంబమునకు అది రెండవ వియోగమే.

అట్టి వేళ "అంతా మాయ, విడిచిపెట్టండి" అని ఊరడించువారు కలరు. ఇందు వేదాంతము కంటె తొందరపాటు అధికము. వ్యవహార దశలో వ్యవహార ధర్మము తప్పదని అద్వైతము సైతము అంగీకరించును. రోగికి ఔషధమీయక దేహము అనిత్యమని బోధించుట వైరాగ్యము కాదు, ప్రమాదము. సంస్కృతమున ప్రమాదమనగా ఏమరుపాటు. దానినే సనత్సుజాతుడు ధృతరాష్ట్రునకు మృత్యువని బోధించెను.

కావున మొదట చేయదగినది చేయవలెను. లోపము తీగలోనిదేమో మరొక తీగతో పరీక్షింపవచ్చును. డిస్కు టక్ టక్ మనుచున్నచో వెంటనే విద్యుత్తు ఆపవలెను. లోపలి పళ్లెములు నిమిషమునకు వేల పర్యాయములు తిరుగును. చదివెడి శిరోభాగము సూక్ష్మమైన గాలిపొరపై తేలుచుండును. అది దెబ్బతిన్న పిమ్మట మరల మరల నడిపించినచో, చిత్రములున్న అయస్కాంతపు పూతయే గీచుకొనిపోవచ్చును. ఇంట విప్పినచో ధూళి చేరును. ఫ్రిజ్‌లో ఉంచినచో తేమ పట్టును. ధూళిరహిత ప్రయోగశాల గల నిపుణులకు అప్పగించి, వ్యయమునకు ముందే హద్దు నిర్ణయించుకొనవలెను. ఆపై ఫలము చేతిలోనిది కాదు. వైరాగ్యమునకు స్థానము అచటనే.

పోయినదేమి? న్యాయశాస్త్రము ప్రకారము స్మృతి సంస్కారము నుండి జనించును. చిత్రము ఆ సంస్కారమును మేల్కొలిపెడి ఉద్బోధకము మాత్రమే. ఉద్బోధకము నశించినంత మాత్రమున సంస్కారము నశింపదు. శ్రాద్ధమున పితరులను ఆవాహన చేయుటకు ఛాయాచిత్రము అక్కరలేదు, నామగోత్రములు చాలును. తల్లిని చూచిన కుమారునకు ఇది నిజమైన ఓదార్పు.

కాని నాయనమ్మను ఎన్నడును చూడని మనుమరాలి మాటేమి? ఆమె చిత్తమున ఆ సంస్కారమే లేదు. ఆమెకు ఆ చిత్రము ఉద్బోధకము కాదు, ప్రథమ దర్శనము. తన వంతు మమకారమును విడుచుట వైరాగ్యము; ఇంకను అడుగనేరని శిశువు వంతును కూడ విడిచివేయుట ఏమరుపాటు.

పూర్వులు ఈ భేదమును ఎరిగినవారు. కంఠము అనిత్యమని తెలిసియే వేదమును అనేక కంఠములందు నిలిపిరి. పదము, క్రమము, జట, ఘనము అను పాఠములతో ఒక్క అక్షరమైనను జారకుండ కాపాడిరి. తాళపత్రము శిథిలము కాకమునుపే లేఖకులు కొత్త ఆకులపై ప్రతి వ్రాసిరి. ఆ జాగరూకత అనిత్యత్వ జ్ఞానము నుండి జనించినదే.

నేటి నిపుణుల నియమమును అట్టిదే: ప్రతులు 3, రెండు భిన్న సాధనములపై, అందు ఒకటి వేరొక చోట – దూరముననున్న సోదరుని ఇంటనైనను, క్లౌడ్‌లోనైనను. ఏడాదికొకమారు తెరచి చూచుటయు అవసరము. పితరుల తిథి నాడు ఆ పని చేసి, చిత్రములోని వారి పేర్లను పిల్లలకు చెప్పినచో, ప్రతియు నిలుచును, సంస్కారమును నాటుకొనును.