లంక రైతునకు అప్పు

కృష్ణ కరకట్టల నడుమ, కొల్లూరు ప్రాంతమున పెసర్లంక, పోతార్లంక, చింతర్లంక మున్నగు గ్రామములు కలవు. అచటి ఒండ్రునేల పసుపునకు, కందకు, అరటికి పెట్టినది పేరు. మన మిరప చేలవారు చూచినచో అసూయ పడుదురు.

కాని పసుపు జూన్, జూలై నెలలలో నాటినది జనవరి దాటిన గాని చేతికి రాదు. నడుమ వరద. ప్రకాశం బ్యారేజి వద్ద 2009 అక్టోబరులో 11.10 లక్షల, 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు పారెను. నీరు నిలిచిన దుంప కుళ్లును. పెట్టుబడితో పాటు మరుసటి విత్తనమును పోవును.

అప్పుడు అప్పెవరిత్తురు? కౌలుదారునకు భూమి కాగితము లేదు. 2019 నాటి చట్టము 11 నెలల సాగుదారు పత్రమునకు దారి చూపినది గాని, యజమాని సమ్మతి తప్పనిసరి చేసినది. సంతకము చేసిన భూమి చేజారునని యజమానుల భయము. చట్టమున అట్టి మాట లేనేలేదు. కావున రైతు వ్యాపారి గుమ్మమెక్కును. దుగ్గిరాల యార్డులో ధర పలుకక మునుపే పసుపు అప్పిచ్చినవానిది.

లంకకిచ్చిన రూకలు ఏటిపాలని సభ్యులలో కొందరందురు. అట్లయిన ఆ వ్యాపారి ఏటేట ఏల యిచ్చుచున్నాడు?

ఐదారుగురు ఇరుగుపొరుగువారు ఒకరికొకరు పూచీపడినచో సంఘము అప్పీయవలయును. వరద వచ్చిన యేట గడువును, ఒండ్రుపై వేసిన మొక్కజొన్న కోతవరకు పొడిగింపవలయును. పసుపు నాటుటకు ముందే, అనగా మే నెలలోపుననే, పాలకవర్గము దీనిని సభ్యుల యెదుట పెట్టవలసినదిగా కోరుచున్నాను.